తీగకు పందిరి

“తీగకు కాయ భారమా, తల్లికి బిడ్డ భారమా?” అని తెలుగువారి సామెత. మాతృప్రేమను ఇంత క్లుప్తంగా చెప్పిన మాట మరొకటి అరుదు. అయితే పెరటిలో సొరపాదు పెంచిన ప్రతి గృహిణికీ మరొక సంగతి కూడా తెలుసు. కాయ భారం కాకపోవడానికి కారణం తీగ బలం ఒక్కటే కాదు, దానిని మోసే పందిరి కూడా. పందిరి లేని తీగ నేలమీద ప్రాకుతుంది. మట్టికంటిన కాయ కుళ్ళిపోతుంది. ప్రత్యేక అవసరాలు గల బిడ్డలను పెంచుతున్న తల్లిదండ్రుల జీవితాన్ని అర్థం చేసుకోవాలంటే సామెత చెప్పిన తీగతోపాటు, చెప్పకుండా విడిచిన పందిరిని కూడా తలచుకోవాలి.

విజయవాడ నగరంలో గుణదల కొండ ఉన్నది. 1924లో ఇటలీ దేశీయుడైన ఫాదర్ ఆర్లాటి ఇక్కడ మరియమాత స్వరూపాన్ని ప్రతిష్ఠించారు. నాటినుండి అది కృష్ణా డెల్టా ప్రజలకు పుణ్యక్షేత్రమయింది. ప్రతి సంవత్సరం ఫిబ్రవరి 9, 10, 11 తేదీలలో అక్కడ ఉత్సవాలు జరుగుతాయి. క్రైస్తవులే కాక అన్యమతస్థులు కూడా వచ్చి కొబ్బరికాయలు కొడతారు, తలనీలాలు సమర్పిస్తారు. ఫ్రాన్సు దేశంలోని లూర్దు గ్రామంలో 1858 ఫిబ్రవరి 11న బెర్నదెత్ అనే పేద బాలికకు మరియమాత దర్శనమిచ్చిందని కతోలికుల విశ్వాసం. ఆ లూర్దుమాతయే గుణదలలో కొలువై ఉన్నది. 1992లో రెండవ జాన్ పాల్ పోపు ఆ ఫిబ్రవరి 11వ తేదీనే ప్రపంచ వ్యాధిగ్రస్తుల దినంగా ప్రకటించారు. ఆనాడు కొండమెట్లు ఎక్కే జనసమూహంలో చంకన మోయవలసిన వయస్సు దాటిన బిడ్డలను చంకన మోస్తున్న తల్లులు కనిపిస్తారు. మెడ నిలువని బిడ్డ, మాట రాని బిడ్డ, ఎవరి కళ్ళలోకీ చూడని బిడ్డ - ఒక్కొక్క తల్లిది ఒక్కొక్క మొక్కు.

కంకిపాడు చేరువలోని ఒక గ్రామానికి చెందిన దంపతులు అటువంటివారే. భర్త విజయవాడ ఆటోనగర్‌లో లారీలకు బాడీలు కట్టే పనివాడు. భార్య ఇంటిపట్టున ఉండి బట్టలు కుడుతుంది. మొదట ఆడపిల్ల, ఆ తరువాత మగబిడ్డ. మగబిడ్డ పుట్టిన సంతోషం మూడు రోజులు నిలిచింది. కొంచెం పైకి వాలిన కళ్ళు, అరచేతిలో అడ్డంగా ఒకే గీత, పట్టు లేని కాళ్ళూ చేతులూ చూసి వైద్యులు రక్తపరీక్ష చేయించారు. బిడ్డకు డౌన్ సిండ్రోమ్ ఉన్నదని తేలింది.

ఇది అంటువ్యాధి కాదు, శాపమూ కాదు. మానవ శరీరంలోని దాదాపు ప్రతి కణంలో 23 జతల క్రోమోజోములు ఉంటాయి. 21వ జతలో రెండుకు బదులు మూడు ఉన్నప్పుడు ఈ స్థితి కలుగుతుంది. 1866లో జాన్ లాంగ్డన్ డౌన్ అనే ఆంగ్ల వైద్యుడు దీని లక్షణాలను వివరించగా, ఫ్రాన్సు దేశపు వైద్యుడు జెరోమ్ లెజ్యూన్, ఆయన సహచరులు 1959లో దీని కారణాన్ని లోకానికి వెల్లడించారు. 21వ క్రోమోజోము మూడుగా ఉండడాన్ని గుర్తుచేస్తూ మూడవ నెల 21వ తేదీన ప్రపంచ డౌన్ సిండ్రోమ్ దినం జరుపుకుంటారు. ఇటువంటి పిల్లలు నడక, మాట ఆలస్యంగా నేర్చుకుంటారు. కొందరికి పుట్టుకతోనే గుండెలో లోపం ఉంటుంది. కొందరికి థైరాయిడ్ గ్రంథి సరిగా పనిచేయదు. అయినా నేర్పితే నేర్చుకుంటారు; ప్రేమిస్తే అంతకు రెట్టింపు ప్రేమిస్తారు.

కాని విజ్ఞానం చెప్పిన మాట వీధి అరుగుమీదికి చేరడానికి చాలాకాలం పడుతుంది. బాలింతను చూడవచ్చిన బంధువులు ఉయ్యాలలోకి తొంగిచూసి నిట్టూర్చారు. “మా వంశంలో ఇలాంటి బిడ్డ లేడమ్మా, ఎవరు చేసిన పాపమో!” అన్నది అత్తగారు. ఆ మాటలో కోపం కంటే దుఃఖమే ఎక్కువ. అయినా అది కోడలి గుండెలో ముల్లులా దిగింది. చేసిన పాపమేదో తెలియక ఆమె తన జీవితమంతా వెదకుకున్నది. గర్భవతిగా ఉన్నప్పుడు తిన్నదీ, తిననిదీ, ఎవరినైనా అన్నదీ, అనుకున్నదీ - అన్నిటినీ తలచుకొని రాత్రులు ఏడ్చింది. భర్త ఏడవలేదు. అతడు మాటలే తగ్గించాడు. ఆటోనగర్‌లో ఎవరైనా పిల్లలెందరని అడిగితే “ఒక్కతే అమ్మాయి” అనడం అలవాటు చేసుకున్నాడు.

ఒక ఆదివారం దేవాలయంలో ఫాదర్ గారు పుట్టుగ్రుడ్డివాని కథను బోధించారు. త్రోవ ప్రక్కన ఉన్న ఆ గ్రుడ్డివానిని చూసి శిష్యులు, ఇతడు ఇలా పుట్టడానికి పాపం చేసినది ఇతడా, ఇతని తల్లిదండ్రులా అని గురువును అడిగారు. ఇద్దరూ కారన్నాడు క్రీస్తు. ఆ బ్రతుకులో దేవుని కార్యం వెల్లడి కావలసి ఉన్నదన్నాడు. యోహాను సువార్త తొమ్మిదవ అధ్యాయంలోని ఈ ఘట్టాన్ని ఆమె అంతకుముందు ఎన్నోసార్లు విన్నది. కాని ఒడిలో బిడ్డను పెట్టుకొని వినడం అదే మొదలు. రెండు వేల సంవత్సరాల క్రిందటి శిష్యులు అడిగినదీ, తన అత్తగారు అడిగినదీ ఒకే ప్రశ్న అని ఆమెకు తోచింది. ఆ ప్రశ్నకు క్రీస్తు ఇచ్చిన సమాధానం తనకే ఇచ్చినట్లనిపించింది. ఆనాడు బిడ్డ మారలేదు; ఆమె మారింది. “ఎందుకు ఇలా జరిగింది?” అన్న ప్రశ్న స్థానంలో “ఇప్పుడు ఏమి చేయాలి?” అన్న ప్రశ్న వచ్చింది.

మొదటి ప్రశ్న వెనుకకు చూస్తుంది, దానికి అంతులేదు. రెండవది ముందుకు చూస్తుంది. దానికి ప్రతిదినమూ ఒక సమాధానం ఉంటుంది. అంతవరకు గుణదల వెళ్ళినప్పుడల్లా “నా బిడ్డను బాగుచేయి తల్లీ, తలనీలాలిస్తాను” అని మొక్కుకున్న ఆమె, క్రమంగా “ఈ రోజుకు కావలసిన ఓపిక ఇవ్వు తల్లీ” అని మాత్రమే కోరడం నేర్చుకున్నది. మొదటి మొక్కు తీరలేదు. రెండవ కోరిక మాత్రం ఎన్నో రోజులు తీరింది.

ఓపిక అంటే ఏమిటో ఒక చొక్కా గుండీ ఆమెకు నేర్పింది. మండలంలోని భవిత కేంద్రంలో ప్రత్యేక ఉపాధ్యాయిని ఒక పద్ధతి చెప్పారు. పనిని చిన్నచిన్న మెట్లుగా విడదీయాలి. గుండీని పట్టుకోవడం, కాజా దగ్గరకు తేవడం, అంచు దూర్చడం, అవతలనుండి లాగడం - ఇలా విడదీసి చివరి మెట్టునుండి నేర్పాలి. మిగిలినవన్నీ తల్లి చేసి, చివరిసారి లాగడం మాత్రం బిడ్డకు విడిచిపెట్టాలి. అప్పుడు ప్రతి ప్రయత్నమూ విజయంతోనే ముగుస్తుంది. బిడ్డ నిరాశ చెందడు. కుట్టుమిషనుమీద రోజుకు ఎన్నో గుండీలు కుట్టే ఆ తల్లికి, తన కొడుకు ఒక్క గుండీ పెట్టుకోవడానికి ఎనిమిది నెలలు పట్టింది. గుండీ కాజాలో దూరిన ఉదయం ఆ పిల్లవాడు చప్పట్లు కొడుతూ ఇల్లంతా తిరిగాడు. “చూశావా, నా మనుమడు దొరలా ఉన్నాడు!” అని మురిసిపోయినది ఆ అత్తగారే.

విశ్వాసానికి పరీక్ష అవిశ్వాసులనుండే రానవసరం లేదు. ఒకసారి దూరపు బంధువొకరు ఇంటికి వచ్చి, “నమ్మకమున్నవారికి మాత్రలెందుకు వదినా? థైరాయిడ్ మందు ఆపి ప్రార్థన చేయించు” అన్నారు. ఆమె సౌమ్యంగానే సమాధానమిచ్చింది. “సువార్త వ్రాసిన లూకాగారు వైద్యుడే కదా తమ్ముడూ! మందు వేసి ప్రార్థన చేస్తే దేవుడు వద్దంటాడా?” ఆ మాత్ర ఒక్క పూట కూడా ఆగలేదు. విశ్వాసం వైద్యానికి ప్రత్యామ్నాయం కాదు. వైద్యం, శిక్షణ, చట్టం చేయవలసిన పనులు చేస్తూ ఉండగా, మనిషి చేతులు జారిపోకుండా పట్టుకొనే బలమే విశ్వాసం. ఈ వివేకం లేనిచోట భక్తి మూఢత్వమవుతుంది. నష్టపోయేది నోరులేని బిడ్డ.

పిల్లవాడికి పదేళ్ళు వచ్చాయి. తోటి పిల్లలు ప్రథమ దివ్యసత్ప్రసాదానికి సిద్ధమవుతున్నారు. ప్రార్థనలు వల్లించలేనివాడికి అర్హత ఉన్నదా అని కొందరు సందేహించారు. ఫాదర్ గారు పిల్లవాడిని దగ్గరకు పిలిచి, ఇంటినుండి తెచ్చిన రొట్టెముక్క చూపించారు. వాడు చేయి చాపాడు. తరువాత పీఠంవైపు చూపించారు. వాడు చాపిన చేతిని వెనుకకు తీసుకొని, రెండు చేతులూ జోడించి నిలబడ్డాడు. “అమ్మా, ఏది మామూలు రొట్టెయో, ఏది కాదో వీడికి తెలుసు. ఇంతకంటే నేను అడగవలసినది లేదు” అన్నారు ఫాదర్ గారు.

లూర్దులోనే ఒకప్పుడు ఇందుకు విరుద్ధమైన అనుభవం ఒక ఫ్రెంచి కుటుంబానికి ఎదురయింది. తీవ్రమైన వైకల్యం గల ఇద్దరు కుమారులున్న దంపతులను యాత్రికుల బృందంలో చేర్చుకోలేదు. వారు ఒంటరిగానే బయలుదేరి లూర్దు చేరారు. వారి వేదననుండి ఒక సంకల్పం పుట్టింది. 1971 ఈస్టరు పండుగకు మేధోవైకల్యం గల పిల్లలు, వారి తల్లిదండ్రులు, మిత్రులు పన్నెండు వేలమంది వరకు లూర్దుకు యాత్ర చేశారు. ‘విశ్వాసము - వెలుగు’ అనే అర్థం గల పేరుతో ఆ ఉద్యమం అనేక దేశాలకు వ్యాపించింది. తలుపు వేసినచోటనే తలుపు తెరిపించిన ఘనత ఆ తల్లిదండ్రులది.

పదవులు, బిరుదులు ఈ బాధనుండి ఎవరినీ కాపాడవు. ఫ్రాన్సు అధ్యక్షుడైన చార్లెస్ డీగాల్ కుమార్తె ఆన్ 1928లో డౌన్ సిండ్రోమ్‌తో జన్మించింది. భక్తిపరులైన ఆ దంపతులు ఆమెను దాచిపెట్టలేదు, దూరం పంపలేదు, తమతోనే పెంచుకున్నారు. కఠినుడని పేరుపడిన ఆ సేనాని కూతురి ముందు పాటలు పాడి, ఆటలాడేవాడు. ఆమెవంటి ఆడపిల్లల కోసం ఆ దంపతులు ఆమె పేర ఒక సంస్థను నెలకొల్పారు. ఆన్ 1948లో ఇరవయ్యవ ఏట మరణించింది. 1970లో తాను మరణించినప్పుడు డీగాల్ తన కోరిక ప్రకారం ఆ కుమార్తె సమాధి ప్రక్కనే విశ్రమించాడు.

“మా తరువాత వీడికెవరు?” ఇటువంటి బిడ్డలున్న ప్రతి ఇంటిలోనూ, దీపం ఆర్పిన తరువాత వినిపించే ప్రశ్న ఇది. తీగ వాడిపోయే రోజు వస్తుందని తీగకు తెలుసు. ఆటిజం, మస్తిష్క పక్షవాతం, మేధోవైకల్యం, బహుళ వైకల్యాలు గలవారి కోసం భారత ప్రభుత్వం 1999లో నేషనల్ ట్రస్ట్ చట్టం చేసింది. దాని ప్రకారం జిల్లా కలెక్టరు సభ్యుడుగా ఉన్న స్థానిక సంఘం, పద్దెనిమిదేళ్ళు నిండినవారికి అవసరమైతే చట్టబద్ధ సంరక్షకుని నియమించగలదు. 2016లో వచ్చిన దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించి విద్య, ఉద్యోగం, గౌరవజీవనం వారి హక్కులని ప్రకటించింది. ఇవి కూడా పందిరి గుంజలే. అయితే గుంజలు పాతినంత మాత్రాన పందిరి కాదు. వాటిని కలిపి అల్లే చేతులు కావాలి.

ఆ చేతులు ఎవరివో ఒక ఫిబ్రవరినాడు గుణదల మెట్లమీద తెలిసింది. ఆ కుటుంబం కొండ ఎక్కుతున్నది. సగం దూరంలో పిల్లవాడు అలసి చతికిలబడ్డాడు. ఎత్తుకుందామంటే బరువు, ఒప్పిద్దామంటే మొండి. వెనుక జనం ఆగిపోయారు. కొందరు విసుక్కున్నారు. తండ్రి ముఖం సిగ్గుతో కందిపోయింది. అంతలో స్వచ్ఛందసేవకు వచ్చిన నలుగురు కళాశాల విద్యార్థులు దగ్గరకు వచ్చారు. “అంకుల్, మేము తీసుకువెళ్ళమా?” అని అడిగి, చేతులు పెనవేసి పీటలా చేసి పిల్లవాడిని కూర్చోబెట్టుకున్నారు. వాడు రాజకుమారుడిలా నవ్వుతూ కొండ ఎక్కాడు. పైకి చేరాక వారిలో ఒకడు, “బాబు మీకేమవుతాడండీ?” అని అడిగాడు. తండ్రి ఒక్క క్షణం ఆగాడు. ఎన్నో సంవత్సరాలుగా గొంతులో నిలిచిపోయిన మాట అప్పుడు బయటికి వచ్చింది. “మా అబ్బాయి. నాకు ఇద్దరు పిల్లలు బాబూ” అన్నాడు. ప్రక్కనున్న తల్లి కొంగుతో కళ్ళు తుడుచుకున్నది.

సువార్తలో ఒక పక్షవాత రోగి కథ ఉన్నది. గుమ్మంలో జనం దారి ఇవ్వకపోతే, నలుగురు మనుషులు ఇంటి కప్పు విప్పి, అతనిని పడకతో సహా క్రీస్తు ముందుకు దించారు. ఆ నలుగురి పేర్లు ఎవరికీ తెలియవు. వారు మహిమలు చేయలేదు, మోశారు, అంతే. మహాభారతంలోని అష్టావక్రుడు తన విద్వత్తుతో జనకుని సభలో గెలిచాడు. కాని సభలో గెలువలేనివారికి, మాటే రానివారికి కూడా ఈ లోకంలో స్థానం ఉండాలి. తరగతిగదిలో తడబడే సహాధ్యాయిని ఎగతాళి చేయకపోవడం, బస్సులో వింతగా ప్రవర్తించే బిడ్డను గుడ్లప్పగించి చూడకపోవడం, ఆ తల్లిని పలకరించి బిడ్డ పేరు అడగడం - ఇవి ఏ మతంవారైనా, ఏ వయస్సువారైనా చేయదగిన పనులు.

తీగకు కాయ భారం కాదు. ఏ తల్లీ తన బిడ్డను భారమనుకోదు. కాని తీగ ఒంటరిగా నేలమీద మిగిలిపోకుండా చూడవలసినది పెరటివారు.