గుయ్‌మంటోంది, తిరగడం లేదు

వాషింగ్ మిషన్ మొరాయించిన రోజున ఇంట్లో అందరూ మెకానిక్కులే. ఒకరు ప్లగ్గు పీకి మళ్ళీ పెడతారు, ఒకరు దాని వీపు మీద రెండు చరుస్తారు. పక్కింటాయన తొంగిచూసి "మోటారు కాలిపోయుంటుందండీ, కొత్తది తీసుకోండి" అని తీర్పు చెప్పి వెళ్ళిపోతాడు. దాని చప్పుడు వినేవాళ్ళే ఉండరు.

మాది రెండు తొట్ల సెమీ ఆటోమేటిక్. ఉతికే తొట్టికి ఒక మోటారు, డ్రయ్యరుకు ఇంకొకటి. ఒకే పెట్టెలో రెండు వేరు కాపురాలు. ఉతుకుడు బాగానే సాగి డ్రయ్యరు ఒక్కటే ఆగిందంటే ప్లగ్గునూ కరెంటునూ అనుమానించక్కర్లేదు. రెండూ మూగబోతేనే వాటి సంగతి, లేదా ఎలక కొరికిన తీగ సంగతి. అడుగున జాలీ లేని మిషన్ అయితే నేను ఎలకనే ముందు అనుమానిస్తాను.

గుయ్‌మంటూ తిరగకపోతే అది మంచి కబురే. మోటారుకు కరెంటు అందుతోందన్నమాట. సింగిల్ ఫేజ్ మోటారు తనంతట తాను కదల్లేదు. దాని రెండో చుట్టలోకి కరెంటును కాస్త ముందుగా నడిపించి, తిరగడం మొదలుపెట్టించేది కెపాసిటర్. మెకానిక్కుల భాషలో కండెన్సర్. అది నీరసిస్తే మోటారు మూలుగుతుందే గాని లేవదు. వోల్టేజి పడిపోయినా ఇదే మూలుగు. అందుకే ముందు ఇంట్లో ఫ్యాను వేగం తగ్గిందేమో చూడాలి. మోటారు ఖరీదు ముందు కెపాసిటర్ ఖరీదు లెక్కలోకే రాదు. పక్కింటాయనకు ఆ సంగతి తెలియదు.

మోటారు హాయిగా తిరుగుతున్న చప్పుడు వినిపిస్తూ, తొట్టి అడుగున చక్రం మాత్రం కదలకపోతే బెల్టు జారింది, లేదా తెగింది. ఖాళీ తొట్టిలో తిరిగి, బట్టలు వెయ్యగానే ఆగిపోతే బెల్టు వదులైంది. లేకపోతే మనమే దుప్పట్లు కుక్కేశాం. చక్రం కింద రూపాయి బిళ్ళో, జడపిన్నో ఇరుక్కున్నా అంతే.

డ్రయ్యరుకు ఇంకో మెలిక ఉంది: బ్రేకు. మూత తెరవగానే కరెంటు ఆగి, బ్రేకు పట్టుకుంటుంది. మూత వేస్తే ఒక తీగ ఆ బ్రేకును లాగి వదిలిస్తుంది. తీగ సాగినా తెగినా బ్రేకు వదలదు. మోటారు పాపం ఆ పట్టు మీదే పెనుగులాడుతుంది. ప్లగ్గు పీకేసి, మూతకున్న బ్రేకు తీగను లాగిపట్టి డ్రమ్మును చేత్తో తిప్పితే తేలిగ్గా తిరగాలి. తిరగలేదంటే బ్రేకు, లేదా డ్రమ్ము పక్కనుంచి జారి కిందికి పోయిన చేతిరుమాలు. గరగరమంటూ బరువుగా తిరిగితే కింది రబ్బరు సీలు కారి ఇరుసు తుప్పు పట్టి ఉంటుంది.

ఫుల్లీ ఆటోమేటిక్ వాళ్ళు మాత్రం ముందు నీళ్ళు పోయాయో లేదో చూసుకోవాలి. పైపు మడతపడి తొట్టిలో నీళ్ళు నిలిస్తే అది పిండే పనికి పూనుకోదు.

ప్లగ్గు పీకాక కూడా కెపాసిటర్‌లో కరెంటు దాగి ఉండవచ్చు కాబట్టి వెనక తలుపు విప్పే పని మెకానిక్‌కే వదలండి. అయితే ఫోన్లో "మిషన్ పాడైంది" అని ఊరుకోకండి. ఏ తొట్టి ఆగింది, ఏ చప్పుడు వస్తోంది, చేత్తో తిప్పితే తిరుగుతోందా, ఈ మూడూ చెప్పండి. పనితెలిసినవాడైతే కావలసిన సామాను వెంట తెచ్చుకునే వస్తాడు.