వీపు ఉబ్బిన తెరలు

పిల్లలూ, ఇంగ్లండులోని కేంబ్రిడ్జి పట్టణంలో కంప్యూటరు చరిత్ర మ్యూజియం ఒకటి ఉన్నది. అక్కడ పాత కంప్యూటర్లను చూడటమే కాదు, వాటితో ఆడుకోవచ్చు కూడా. వాటి బొమ్మ చూపేవి వీపు ఉబ్బిన, బరువైన గాజు తెరల మానిటర్లు.

ఈ బరువులు ఇంకా ఎందుకంటారా? 1984లో జపానులో వచ్చిన ‘డక్ హంట్’ అనే బాతులవేట ఆట సంగతి వినండి. తుపాకి మీట నొక్కగానే తెర రెప్పపాటు నల్లబడి, బాతు ఉన్నచోట తెల్లని గడి మెరుస్తుంది. తుపాకిలోని కన్ను సరిగ్గా ఆ క్షణాన ఆ వెలుగును పట్టాలి. నేటి పలక తెరల్లో బొమ్మ కాస్త ఆలస్యంగా వస్తుంది. ఇంకేముంది, గురి కుదిరినా బాతు ఎగిరిపోతుంది!

కొన్ని మానిటర్లు బహుభాషావేత్తలు. 1980లలో వచ్చిన కొమొడోర్ 1084 పలు రకాల సంకేతాలను అందుకునేది. అందుకే కొమొడోర్ 64కూ, అమీగాకూ ఆ ఒక్క తెరే సరిపోయేది.

ఇప్పుడు ఆ గాజుగొట్టాల తయారీ దాదాపు ఆగిపోయింది. మీ అటకమీద అలాంటిది ఉంటే, పాత సామాన్లవాడికి వేసేముందు పెద్దలతో ఒక్కమాట చెప్పండి. మీరు మాత్రం విప్పకండి. తీగె పీకేసినా లోపల కరెంటు నిలిచి ఉండవచ్చు!