నేపుల్స్ రుచి కోసం రోములో వెదకులాట

రోము నగరానికి మకాం మార్చిన తరువాత వచ్చిన మొదటి ఆదివారం నాడు మా అమ్మాయి పిజ్జా ముక్కను అంచు పట్టుకొని పైకెత్తి చూసింది. ముక్క వంగలేదు. పలకలాగా బిర్రుగా నిలబడింది. కొరికితే కరకరమని చప్పుడు చేసింది. "ఇది పిజ్జా కాదు నాన్నా, అప్పడం" అని పళ్లెం పక్కకు నెట్టివేసింది.

అమ్మాయికి అప్పటికి తొమ్మిదేళ్లు. అందులో నాలుగేళ్లు, అనగా ఊహ తెలిసిన కాలమంతా, నేపుల్స్‌లోనే గడిచింది. మా ఆవిడ సముద్రజీవుల మీద పరిశోధన చేస్తుంది. 2018లో ఆమె ఉద్యోగం మమ్మల్ని హైదరాబాదు నుండి నేపుల్స్‌కు చేర్చింది. 2022 శరత్కాలంలో రోముకు తీసుకువచ్చింది. నేను ఆంగ్ల సాహిత్యంలో పట్టా పుచ్చుకొని, అనువాదాలు చేసుకొని జీవించేవాణ్ణి. నా పనికి ఒక బల్ల, ఒక దీపం, నాలుగు నిఘంటువులు ఉంటే చాలును. కనుక ఊరు మారడం నాకొక లెక్క కాదని అందరూ అనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను.

ఈ రెండు నగరాల నడుమ రైలుదారిన దూరం 220 కిలోమీటర్లకు పైచిలుకు. హైదరాబాదు నుండి విజయవాడకు ఉన్నంత కూడా లేదు. వేగపు రైలులో గంటా పది నిమిషాల ప్రయాణం. ఆ స్వల్ప దూరంలోనే పిజ్జా వేరొక పదార్థంగా మారిపోతుంది. నేపుల్స్‌లో పిండిముద్దను వేళ్లతోనే ఒత్తి, నడిమిభాగంలోని గాలిని అంచులకు తరుముతారు. అప్పడాల కర్రను దగ్గరకు రానివ్వడం అక్కడ మహాపరాధం. కట్టెలు మండే గుమ్మటపు పొయ్యిలో, సుమారు 485 డిగ్రీల సెంటిగ్రేడు వేడిమిలో, 60 మొదలు 90 సెకనుల లోపల అది కాలి బయటకు వస్తుంది. అంచు పూరీలాగా పొంగి, అక్కడక్కడ నల్లని మచ్చలు తేలి ఉంటుంది. నడిమిభాగం మెత్తగా, తడిగా ఉంటుంది. చేత పట్టుకుంటే వాలిపోతుంది. అందుకే వీధిలో తినేవారు దానిని నాలుగు మడతలు వేసి, కాగితంలో చుట్టుకొని, చొక్కా మీద రసం కారకుండా ముందుకు వంగి, నిలబడే తింటారు.

రోములోనో, పిండిలో నూనె కలిపి, సాక్షాత్తూ అప్పడాల కర్రతోనే పలుచగా ఒత్తి, కరకరలాడేదాకా కాలుస్తారు. కాబట్టి మా అమ్మాయి నోట వచ్చిన "అప్పడం" తిట్టు కాదు, ఖచ్చితమైన నిర్వచనం.

పేర్లలో కూడా ఈ నగరాలు రెండూ ఒకదానినొకటి వెక్కిరించుకుంటాయి. టొమాటో, మొజ్జరెల్లా, ఉప్పులో ఊరవేసిన నెత్తళ్లు వేసిన పిజ్జాను రోమువారు "నాపోలి" అంటారు. నాపోలి అంటే నేపుల్స్‌కు వారి పేరు. అదే పిజ్జాను నేపుల్స్‌వారు "రొమానా" అంటారు. నెత్తళ్ల ఉప్పదనానికి బాధ్యత ఎవరూ వహించరు!

నేను పిజ్జా వేటకు బయలుదేరింది నాలుక కోసమే అయితే ఈ వ్యాసం రాయవలసిన పని లేదు. అసలు కారణం వేరు.

మా అమ్మాయి ఇటాలియన్‌ను పుస్తకాలలో నేర్చుకోలేదు; నేపుల్స్ వీధులలో నేర్చుకున్నది. మన తెలుగును తూర్పుదేశపు ఇటాలియన్ అని పొగిడేవారున్నారు. రెండు భాషలలోనూ మాటలు అచ్చులతో ముగుస్తాయని వారి భావం. నేపుల్స్‌వారు మాత్రం ఆ చివరి అచ్చును చాలావరకు మింగివేస్తారు. ఇంట్లో ప్రతి అచ్చునూ పలికే పిల్ల, గుమ్మం దాటగానే అచ్చులు మింగే పిల్లగా మారిపోయేది. పోదాం పదండి అనడానికి "యమ్మె" అనేది. ఇప్పుడు అనడానికి "మో" అనేది. వీధి చివర పిజ్జా కాల్చే ఆయన ఆమెను తన మేనకోడలులాగా దబాయించి పిలిచేవాడు.

2020 మార్చిలో మహమ్మారి వచ్చి దేశమంతా తలుపులు మూసుకున్నప్పుడు, నేపుల్స్ ఉన్న కంపానియా ప్రాంతంలో ఇళ్లకు భోజనం తెచ్చి ఇవ్వడాన్ని సైతం నిషేధించారు. పొయ్యిలు చల్లబడ్డాయి. ఆ నగరంలో పిజ్జా కట్టెల వాసన లేని సాయంకాలం ఎట్లా ఉంటుందో అప్పుడే తెలిసింది. ఏప్రిల్ 27న మళ్లీ అనుమతి వచ్చింది. ఆ రాత్రి పొగవాసన వీధిలోకి రాగానే మా పిల్ల బాల్కనీలోకి పరుగెత్తి చప్పట్లు కొట్టింది. ఎదుటి బాల్కనీలలోని వారూ కొట్టారు. ఆమె దృష్టిలో ప్రపంచం కోలుకున్న రోజు అదే.

అటువంటి పిల్లను తీసుకువచ్చి రోములో ఒక పాఠశాలలో చేర్చాము. మొదటి వారంలోనే ఆమె ఉచ్చారణకు తరగతిలో నవ్వులు మొదలయ్యాయి. గోదావరి జిల్లా మొహంతో ఉన్న పిల్ల నేపుల్స్ రేవులోని జాలరివాళ్ల పిల్లలాగా మాట్లాడడం వారికి వింతగా తోచి ఉంటుంది. పసివాళ్లు, వారిని అనవలసింది లేదు. కాని మా అమ్మాయి మాట్లాడడం తగ్గించింది. తరువాత బడిలో పూర్తిగా మానివేసింది. రోజూ ఉదయం కడుపునొప్పి అనేది. ఏమి కావాలమ్మా అని అడిగితే ఒకటే జవాబు: "మన పిజ్జా."

ఉచ్చారణను నేను మార్చలేను. బడిని మార్చలేను. నగరాన్ని అసలే మార్చలేను. పిజ్జా ఒక్కటే నా చేతిలో ఉన్నట్లు కనిపించింది.

శనివారం సాయంకాలాలు వెదకులాటకు కేటాయించాము. త్రస్తెవెరె సందులు తిరిగాము. తెస్తాచ్చో పేట చూశాము. విద్యార్థులు కిటకిటలాడే సాన్ లొరెంజోకు వెళ్లాము. తలుపు మీద "నాపోలి" అని రాసి ఉన్న ప్రతి చోటా లోపలికి తొంగిచూశాము. ఒకచోట అంచు పొంగినది గాని నడిమి భాగం ఎండిపోయినది. ఇంకొకచోట పొయ్యి బాగున్నది గాని, వడ్డించేవాడు పరధ్యానంలో పడి బల్ల మీదకు వచ్చేసరికి చల్లారిపోయినది. వేరొకచోట వీసువియస్ అగ్నిపర్వతం బొమ్మ గోడంతా పరుచుకొని ఉన్నది. ఆ పర్వతపు వేడిలో నూరో వంతు వంటింట్లో లేదు. ప్రతిచోటా మా అమ్మాయి ముక్కను పైకెత్తి చూడడం, తల అడ్డంగా ఊపడం, నేను డబ్బు చెల్లించడం జరిగేవి.

ఆ రోజులలోనే మతిల్దె సెరావో రాసిన పుస్తకం ఒకటి నిఘంటువు సాయంతో చదువుతున్నాను. ఆమె నేపుల్స్‌కు చెందిన గొప్ప పత్రికా రచయిత్రి. 1884లో వెలువడిన ఆ పుస్తకం పేరును తెలుగులో "నేపుల్స్ కడుపు" అనవచ్చు. "ఉదరం" అంటే గంభీరంగా ఉంటుంది గాని, మన "కడుపు"లో ఉన్న ఆకలీ, కన్నతీపీ అందులో ఉండవు. ఆ నగరపు పేదలు ఏమి తిని బతుకుతారో చెప్పేచోట ఆమె ఒక సంగతి రాసింది. నేపుల్స్ వ్యాపారి ఒకాయన, రోములో తన ఊరివారు చాలామంది ఉన్నారు గదా అని, అక్కడ పిజ్జా అంగడి తెరిచాడట. మొదట కొత్తకొద్దీ, ఊరిమీది బెంగకొద్దీ జనం విరగబడ్డారట. తరువాత ఒక్కొక్కరే తగ్గిపోయారట. తన గాలి, తన వీధి లేనిచోట ఆ పిజ్జా పరాయి మొక్కలాగా వాడిపోయిందని ఆమె తీర్పు.

పుస్తకం మూసి చాలాసేపు కూర్చున్నాను. అనువాదకుణ్ణి గదా, ఆ తీర్పు నా వృత్తికి కూడా వర్తిస్తుందేమోనని భయం.

నిజమే, నేపుల్స్‌లో పిజ్జా పేదవాని తిండిగా పుట్టింది. అలెగ్జాండర్ డ్యూమా 1843లో ప్రచురించిన యాత్రాగ్రంథంలో దీనిని గురించి రాశాడు. చేపలు చవక అయితే చేపల పిజ్జా చవక అవుతుంది. కాబట్టి బజారు ధరలన్నీ పిజ్జాను చూసి చెప్పవచ్చునన్నాడు. చవకగా అమ్మే వారం నాటి పిజ్జాలను కూడా పేర్కొన్నాడు. ఇక 1889లో రాణి మార్గెరీటా కోసం రఫాయెలె ఎస్పొజితో అనే ఆయన ఎరుపు, తెలుపు, ఆకుపచ్చ రంగులతో పిజ్జా చేసి, ఆమె పేరు పెట్టాడన్న కథ జగత్ప్రసిద్ధం. చరిత్రకారులు దానిని సందేహిస్తారు, భోక్తలు సందేహించరు. ఆ తెలుపు మొజ్జరెల్లాది. కంపానియాలో మేలైన మొజ్జరెల్లాను గేదెపాలతో చేస్తారు. గేదెపాల మీగడ తిని పెరిగిన తెలుగువాడికి ఆ రుచి పరాయిదిగా తోచకపోవడంలో వింత లేదు.

అయితే సెరావో తీర్పు తరువాత కాలం ఊరకే కూర్చోలేదు. 1984లో నేపుల్స్ పిజ్జాకారులు సంఘం పెట్టుకొని పిండి, పులియబెట్టడం, వేడిమి, అంచు వీటికి నియమాలు రాసుకున్నారు. 2010లో ఐరోపా సమాజం ఆ పద్ధతికి సంప్రదాయ విశేషంగా గుర్తింపునిచ్చింది. ఆ గుర్తింపు ఊరికి కాదు, పద్ధతికి. నియమం తప్పకుండా చేస్తే ఎక్కడ చేసినా చెల్లుతుంది. 2017లో యునెస్కో తన జాబితాలో చేర్చినది కూడా పిజ్జాను కాదు, పిజ్జాకారుని చేతిపనిని. చేతులు ఊరు దాటి వెళ్లగలవు గదా! ఈ ఆలోచన నాకు ధైర్యం ఇచ్చింది.

డిసెంబరు నెలలో ఒక శనివారం, రెండు బస్సులు మారి, నగరపు తూర్పు శివారులోని ఒక చిన్న అంగడికి చేరాము. గోడల మీద అగ్నిపర్వతం లేదు. పొయ్యి ముందు అరవై ఏళ్ల మనిషి ఒకాయన చేతులతోనే పిండి ఒత్తుతున్నాడు. మా అమ్మాయి ఆ చేతులకేసి చూసింది. ఇద్దరికీ మార్గెరీటా కావాలని నేను పుస్తకభాషలో చెప్పాను. ఆయన ఏమీ అనలేదు. అప్పుడు మా అమ్మాయి, మూడు నెలల తరువాత మొదటిసారిగా, అచ్చులు మింగుతూ ఒక వాక్యం అన్నది. ఆయన చేయి ఆగిపోయింది. "ఏ వీధి పిల్లవే నువ్వు?" అన్నాడు ఆ యాసలోనే. ఆ తరువాత వారిద్దరి సంభాషణలో నాకు సగం అర్థం కాలేదు.

పిజ్జా వచ్చింది. ముక్కను పైకెత్తింది, కొన వాలిపోయింది. తింటూ ఏడ్చింది. ఏడుస్తూ తింటున్న పిల్లను చూసి ఆయన పొయ్యివైపు తిరిగి, ఊరకనే కట్టెలు సర్దాడు.

ఏడు శనివారాలు వరుసగా వెళ్లాము. ఎనిమిదో శనివారం నేను గొడుగు తీసుకొని సిద్ధంగా ఉంటే, "ఈ రోజు రాను నాన్నా, మా స్నేహితురాలి పుట్టినరోజు" అన్నది. ఆమెకు స్నేహితురాలున్నట్లు నాకు అంతవరకు తెలియదు. సాయంకాలం తీసుకురావడానికి వెళ్లాను. బడి దగ్గరలో, పెద్ద పళ్లేలలో కాల్చిన పిజ్జాను కత్తెరతో కత్తిరించి, తూకం వేసి అమ్మే రోము అంగడి అది. లోపల జున్ను పెట్టి వేయించిన అన్నపు బోండా ఒక చేతిలో, కరకరలాడే ముక్క మరొక చేతిలో పెట్టుకొని మా అమ్మాయి నలుగురి నడుమ నవ్వుతున్నది. ఒక పిల్ల ఆమెను నేపుల్స్ యాసలో ఏదో అనమని బతిమాలుతున్నది. ఇప్పుడు ఆ నవ్వులో ముల్లు లేదు.

"అది అప్పడం కాదా?" అన్నాను దారిలో.

"అప్పడం మంచిది కాదా నాన్నా?" అన్నది.

మరుసటి శనివారం ఒంటరిగా శివారు అంగడికి వెళ్లాను. పిల్ల రాలేదేమని ఆయన అడిగాడు. చెప్పాను. నేను చిన్నబుచ్చుకున్నట్లు ఆయనకు తోచి ఉంటుంది. రోముకు వచ్చి ముప్పై ఏళ్లయిందనీ, ఉదయం తాను తినేది మాత్రం రోమువారి తెల్లపిజ్జా రొట్టె అనీ, ఆ మాట తన ఊరిలో చెప్పలేదనీ నవ్వుతూ అన్నాడు. "ఇది?" అని పొయ్యిని చూపించాను. "ఇది కొత్తగా వచ్చినవాళ్ల కోసం" అన్నాడు.

యౌవనంలో రాజమండ్రి నుండి హైదరాబాదు వచ్చినప్పుడు మా వీధి పెసరట్టు కోసం నేను ఎన్ని హోటళ్లు తిరిగానో గుర్తుకు వచ్చింది. అది ఎక్కడా దొరకలేదు. వెదకడం ఎప్పుడు మానివేశానో మాత్రం గుర్తులేదు. ఆ మానివేసిన రోజే నేను హైదరాబాదువాణ్ణి అయి ఉంటాను. సెరావో చెప్పిన వ్యాపారి అంగడికి జనం తగ్గడానికి కారణం పిజ్జా వాడిపోవడమే కానక్కరలేదు. వచ్చినవాళ్లు క్రమంగా ఆ ఊరివాళ్లు కావడం కూడా కావచ్చు.

ఆ పిజ్జాను ఒక్కడినే పూర్తిగా తిని ఇంటికి వచ్చాను. తలుపు తట్టితే లోపలినుండి మా అమ్మాయి "మో!" అని కేక వేసింది, ఇప్పుడే వస్తున్నానని. ఆ మాట నేపుల్స్‌లోనూ ఉన్నది, రోములోనూ ఉన్నది. ఆమె ఏ ఊరిది పలికిందో చెవియొగ్గి విన్నా నాకు తెలియలేదు.