అడకత్తెరకి రెండో వైపు

"ఐయామ్ స్టక్ అమ్మా" అన్నాను ఫోన్లో.

"ఎక్కడే? ట్రాఫిక్‌లోనా?"

ఇంకో మాట వెతికాను. సఫొకేటింగ్‌గా ఉందన్నాను. ఆ మాట అమ్మకి తెలీదు. "ఊపిరాడట్లేదు" అని తెలుగులో చెప్పేసరికి నిజంగానే భయపడిపోయి, డాక్టర్ దగ్గరికి వెళ్ళమంది.

ఇరుక్కుపోవడానికి నా దగ్గర ఉన్న మాటలన్నీ ఇంగ్లీషువే. వాటిలో తేడాలూ తెలుసు. ట్రాప్డ్ అంటే ఎవరో వల పన్నినట్టు. స్టక్ అంటే ఎవరి తప్పూ లేదు, బురదలో బండిలా నేనే ఆగిపోయాను. ప్రాజెక్టు మార్చమంటే మేనేజర్ "మై హ్యాండ్స్ ఆర్ టైడ్" అన్నాడు. "నా చేతులు కట్టేశారు" అని ఉంటే, ఎవరు అని అడిగేదాన్ని. ఆ ఇంగ్లీషు వాక్యంలో ముడి వేసినవాళ్ళు కనబడరు.

నా బదులు ఇంకొకరు వస్తేగానీ వదలరట. నేను వెళ్ళే తేదీ ఖాయమైతేగానీ ఇంకొకర్ని వెతకరట. దీనికి జోసెఫ్ హెల్లర్ 1961లోనే పేరు పెట్టాడు: క్యాచ్-22. ఆ నవలలో పిచ్చివాడైతే యుద్ధవిమానం ఎక్కనక్కర్లేదు. కానీ ఎక్కనని నోరు తెరిచి అడిగితే పిచ్చి లేనట్టే లెక్క. ముందు నుయ్యి, వెనక గొయ్యి అన్నప్పుడు దారి లేదని ముందే తెలుస్తుంది. క్యాచ్-22లో దారి ఉందనే రాసి ఉంటుంది. ఆ రాతే దారి మూసేస్తుంది.

రాత్రి అమ్మ మళ్ళీ చేసింది. ఆఫీసు సంగతి మొత్తం చెప్పాను.

"అడకత్తెరలో పోకచెక్కలా ఉందన్నమాట" అంది. కాసేపాగి, "నేనూ ఉన్నాలే పదేళ్ళు. ఇటు మీ నాన్నమ్మ, అటు మీ నాన్న."

ఆ మాట నాతో ఎప్పుడూ అనలేదు. ఇద్దరి పేర్లూ చెప్పేసింది, అంత మామూలుగా.

"నీకు ఒక వైపు ఆఫీసు. రెండో వైపు ఎవరే?"

అప్పుడర్థమైంది, నాకు స్టక్ ఎందుకంత సుఖంగా ఉందో. ఎవరి పేరూ చెప్పక్కర్లేదు. ఉద్యోగం వదిలేస్తానంటే అడ్డొచ్చేది నాన్న ముచ్చటపడి కొనిపించిన ఫ్లాట్. ఇంకా పదిహేనేళ్ళ ఈఎంఐ. గృహప్రవేశం ఫోటో ఇప్పటికీ ఆయన ఫోన్ తెర మీద ఉంది.

"నాన్న పక్కనే ఉన్నారా?" అన్నాను.

"ఉన్నారు. ఇవ్వనా?"

"ఇవ్వు."