నేలబారు ఫొటోలు

ఇరవయ్యేళ్ళు పెళ్ళి ఫొటోలు తీసినా అరగని మోకాళ్ళు, కుక్కల ఫొటోలు మొదలుపెట్టిన రెండేళ్ళకే అరిగాయి.

మొదటి బేరం ఒక పగ్. దాన్ని రిసెప్షన్లకి వాడే ఎర్ర ముఖమల్ కుర్చీలో కూర్చోబెట్టి తీయమంది దాన్ని పెంచుకునేవాళ్ళమ్మాయి. సింహాసనమెక్కిన శునకం సంగతి బడిలో బట్టీపట్టినవాణ్ణే. అయినా డబ్బిచ్చేవాళ్ళ మాట కాదంటామా? నిలబడి ఇరవై తీశాను. అన్నిట్లోనూ ముడతల నుదురు, నల్లమూతి, ‘ఎప్పుడు దింపుతారు’ అన్న చూపు. కుర్చీ మాత్రం బ్రహ్మాండంగా పడింది.

విసుగొచ్చి దింపేశాం. అది నేరుగా ఫ్యాను కిందికెళ్ళి చల్లటి గచ్చుకి పొట్ట ఆనించి పడుకుంది. నేనూ బోర్లా పడుకున్నాను, గడ్డం నేలకి తగిలేలా. అప్పుడు చూసింది నన్ను, మనిషివి ఇక్కడేం చేస్తున్నావన్నట్టు. ఆ ఒక్క ఫొటోనే వాళ్ళు ఫ్రేము కట్టించుకున్నారు.

ఇదే కిటుకుతో ఫొటోగ్రాఫర్ ఇలియట్ ఎర్విట్ 1974లో న్యూయార్క్‌లో తీసిన ఫొటో ఒకటుంది. టోపీ పెట్టుకున్న బుల్లి చువావా, పక్కన ఒకావిడ బూట్లు, ఆ పక్కన ఇంకో రెండు పొడుగు కాళ్ళు. అవీ మనిషివేననుకుంటాం. కాదు, గ్రేట్ డేన్ ముందుకాళ్ళు! చువావా ఎత్తుకి కెమెరా దించాడు కాబట్టే ఆ తమాషా. అందరి తలకాయలూ పట్టేలా తీసుంటే ఏముంది, వీధిలో నిలబడ్డ జనం.

ఎత్తు కుదిరాక రంగు పేచీ. నల్ల లాబ్రడార్‌ని చూస్తే కెమెరా కంగారుపడుతుంది. దాని లెక్కలో లోకమంతా నడిమి బూడిదరంగే. నల్లటిదాన్ని వెలిగిస్తుంది, తెల్లటిదాన్ని మసిచేస్తుంది. ‘మావాడు బూడిదలో దొర్లినట్టున్నాడేంటండీ’ అని ఒకాయన నొచ్చుకున్నాకే నాకు బుద్ధొచ్చింది. నల్లవాటికి ఎక్స్‌పోజర్ ఒక స్టాపు తగ్గిస్తాను, తెల్లటి రాజపాళయం వస్తే పెంచుతాను. ఇక జర్మన్ షెపర్డ్ కంటికీ ముక్కుకీ మధ్య జానెడు దూరం. అపర్చర్ ఎఫ్ 2.8లో కన్ను నిలిస్తే ముక్కు అలుక్కుపోతుంది. ఎఫ్ 8కి వెళ్ళాలి. ఫోకస్ మాత్రం ఏ జాతికైనా కంటి మీదే.

చెవులు నిక్కించడానికి పిల్లికూత కూస్తాను. రెండుసార్లు పనిచేస్తుంది. మూడోసారి కుక్క నన్ను చూసి జాలిపడుతుంది.

పెద్ద కుక్కకి రేటు ఎక్కువా అని అడుగుతుంటారు. గ్రేట్ డేన్ భుజాల దగ్గరే రెండున్నర అడుగులుంటుంది. స్టూలేసుకుని హాయిగా తీయొచ్చు. నా దగ్గర చిన్నకుక్కకే రేటు ఎక్కువ. పొట్ట మీద పాకాలి మరి.