హోకున్ – పెంటయ్య

పేరు పెట్టేది పెద్దవాళ్ళయినా, దాన్ని జీవితాంతం మోసేది మాత్రం మనమే. ఈ సంగతి అందరికన్నా నాకు కాస్త ఎక్కువ తెలుసు. నా పేరు పెంటయ్య.

లైబ్రరీలో దక్షిణ ధ్రువ యాత్రల గురించి చదువుతుంటే ఒక నార్వే పేరు తగిలింది. 1911 డిసెంబరు 14న ధ్రువం చేరిన అముండ్‌సెన్, అక్కడి మంచు పీఠభూమికి తమ రాజు ఏడవ హోకున్ పేరు పెట్టాడు. పాత నార్స్ భాషలో 'హా' అంటే ఉన్నతమైన, 'కొన్‌ర్' అంటే కొడుకు, వంశజుడు. ఉన్నతుడైన కొడుకు! ఆ రాజు అసలు పేరు కార్ల్, డెన్మార్కు రాకుమారుడు. 1905లో నార్వే స్వీడన్ నుంచి విడిపోయి తనను రాజుగా ఎన్నుకుంటే, అక్కడి పాత రాజుల పేరు తీసుకున్నాడు. ఆరవ హోకున్ పోయింది 1380లో. అయిదు వందల ఏళ్ళు దాటినా ఆ పేరు చెల్లిందన్నమాట.

నన్ను పట్టేసింది మాత్రం నాలుగవ హోకున్ కథ. తండ్రి పోయాక 1204లో పుట్టాడు. అప్పుడు దేశంలో అంతర్యుద్ధం. 1206 చలికాలంలో, రెండేళ్ళయినా నిండని ఆ పసివాణ్ణి శత్రువులకు చిక్కకుండా ఇద్దరు యోధులు స్కీల మీద మంచుకొండలు దాటించారు. వాళ్ళ పక్షం పేరు బిర్కెబైనర్లు. కాళ్ళకు చుట్టుకోను గుడ్డయినా లేక చెట్టు బెరడు కట్టుకునే దరిద్రులని పగవాళ్ళు వెక్కిరించి పెట్టిన పేరది. పోనుపోను వాళ్ళు దాన్నే గర్వంగా చెప్పుకున్నారు. ఆ బిడ్డ 1217లో రాజై 1263 దాకా ఏలాడు. ఆ ప్రయాణం గుర్తుగా 1932లో అక్కడ ఒక స్కీ పందెం మొదలైంది. దూరం 54 కిలోమీటర్లు. పాల్గొనే ప్రతివాడూ మూడున్నర కిలోల మూట వీపున మోయాలి. ఆ మూటే ఆ బిడ్డ!

ఇక మా తాత సంగతి. ఆయనకు ముందు ముగ్గురు పురిట్లోనే పోయారట. నాలుగోవాణ్ణి పెంటకుప్ప మీద దొర్లించి, పెంటయ్య అని పేరు పెట్టారు. మృత్యువు చూసి "ఈ పెంట నాకెందుకులే" అని వెళ్ళిపోవాలని! అలాగే వెళ్ళిపోయింది. తాత బతికి, నాలుగెకరాలు సేద్యం చేసి, మమ్మల్నందర్నీ నిలబెట్టాడు. తాత పేరు మనవడికి రావడం ఆచారం గనుక అది నాకొచ్చింది. హోకున్ని మంచులో మోసినవాళ్ళదీ, తాతను పెంటలో దొర్లించినవాళ్ళదీ ఒకటే ఆరాటం.

డిగ్రీ పట్టా మీద అచ్చయ్యేలోగా పేరు మార్పించుకోమని మిత్రులు సలహా ఇచ్చారు. నాన్ననడిగాను. తండ్రి పేరని ఆయన నన్నెప్పుడూ పేరుతో పిలవడు, "అయ్యా" అంటాడు. "నీ ఇష్టం అయ్యా" అని చేలోకి వెళ్ళిపోయాడు. ఆ మాట అనడానికి ఆయనకెంత కష్టమయిందో నాకు తెలుసు.

పెంట తోలని చేను పండదు. ఇది కెమిస్ట్రీ చదవకముందే మా ఇంట్లో నేర్చుకున్నాను. పట్టా మీద పెంటయ్య అనే ఉంటుంది. మిత్రులారా, హాస్టలు వరండాలో గొంతెత్తే పిలవండి, పలుకుతాను.