ఏ గొట్టం కావాలమ్మా?

"గేటుకా అమ్మా, కుళాయి లైనుకా?" అనడిగాడు రాణీగంజ్‌లో పైపుల షాపాయన. అడిగింది నన్నే. జవాబు కోసం చూసింది మాత్రం నా వెనక నిలబడ్డ మా కాలేజీ అటెండర్ వైపు.

"మోటార్ సైకిల్ ఫోర్కుకి" అన్నాను. ఆయన నవ్వి, జి.ఐ. పైపు ఒకటి లాగి, "ఏనుగెక్కినా వంగదమ్మా" అన్నాడు.

నేను మెకానికల్ ఇంజనీరింగ్ పాఠాలు చెప్పబట్టి ఇరవై ఏళ్ళు దాటింది. ఫైనలియర్ అమ్మాయిలిద్దరు ఒక పాత బండికి తామే గర్డర్ ఫోర్కు తయారుచేస్తామని వచ్చారు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం అలాంటి మార్పులతో రోడ్డెక్కడం కుదరదు. కాలేజీ ఆవరణలోనే నడిపి చూడాలి. అయినా నడిపేది పిల్లలే కదా! బ్రేకు వేయగానే బరువంతా ముందుకు తోసుకొస్తుంది. ఫోర్కు విరిగితే ముందు చక్రం ఇక మన చేతిలో ఉండదు.

ఇదంతా తెలిసి కూడా "సీమ్‌లెస్ ఉందా?" అని అడగలేకపోయాను. ఎదురు ప్రశ్న వేస్తే అటెండర్ ముందు తడబడతానేమోనని భయం. డబ్బులిచ్చి, పైపు తీసుకుని వచ్చేశాను. 1934లో బ్రూక్‌లాండ్స్ ట్రాక్ మీద నార్టన్ బండిని గంటకు 100 మైళ్ళు దాటించిన ఇంజనీరు బియాట్రిస్ షిల్లింగ్ గురించి ఏటా క్లాసులో ఉత్సాహంగా చెప్పేదాన్ని నేనే.

మర్నాడు వర్క్‌షాపులో ఒకమ్మాయి ఆ పైపు ముక్క కోసి వైస్‌లో బిగించి నొక్కింది. అతుకు వెంట నిలువునా చీలింది. "ఇది నీళ్ళ పైపు కదా మేడం" అంది మెల్లగా. నాకు తల కొట్టేసినట్టయింది.

నీళ్ళ పైపు రేకును చుట్టి అంచులు అతికించి చేసేది. పైగా జింకు పూత. వెల్డింగ్ చేస్తే ఆ పొగకి జ్వరమొస్తుంది. ఫోర్కుకి కావలసింది కోల్డ్ డ్రాన్ సీమ్‌లెస్ గొట్టం. 4130 క్రోమోలీ అయితే బలం ఇంకా ఎక్కువే. కానీ బిగువు విషయంలో ఉక్కులన్నీ దాదాపు ఒకటే. ఎంత ఖరీదైన ఉక్కయినా, గొట్టం సన్నబడితే వంగుతుంది. 3 మిల్లీమీటర్ల మందంతోనే వ్యాసం 25 నుంచి 32కి పెంచితే బరువు మూడోవంతు పెరుగుతుంది, బిగువు రెట్టింపు దాటుతుంది. పిల్లలే లెక్క కట్టి బోర్డు మీద రాశారు.

ఈసారి ముగ్గురం వెళ్ళాం. "బయటి వ్యాసం 32, మందం 3, సీమ్‌లెస్, టెస్ట్ సర్టిఫికెట్‌తో" అని హ్యాండ్‌బ్యాగులోంచి వెర్నియర్ కాలిపర్ తీశాను. రెండు చివర్లా కొలిచాను. షాపాయన ఈసారి నవ్వలేదు. "ఈ మాట మొన్నే చెప్పొచ్చు కదమ్మా, సరుకు లోపలే ఉంది" అన్నాడు.

ఆ మాట నవ్వుకంటే గట్టిగా తగిలింది. అటెండర్ వైపు చూసిన ఆయన చూపు ఆయనది. నోరు మూసుకున్న క్షణం నాది. ఆ క్షణం మీద ఇద్దరు పిల్లలు బండి నడపబోయారు.

చీలిన ముక్క నా బల్ల మీదే ఉంది. కొత్తగా వచ్చిన పిల్లలు ఇదేమిటని అడుగుతారు. నేను కొన్నదే అని చెబుతాను.